మసి పూసిన టైర్లు

"నా తువాలు యాడుండాది?" అని స్నానాల గది తలుపు సందులోంచి ప్రవీణ్ కుమార్ మూడోసారి అడిగాడు.

"ఏ తువాలు?" అంది ఎలీషబా వంటింట్లోంచి, ఏ తువాలో తెలిసి కూడా.

"నీలం గళ్ళది. మెత్తనిది."

"అది పాతదైపోయింది. దాంతో కారు తుడిచినా."

 లోపలినుంచి గొంతు పెరిగింది. "పాతదని ఎవురు చెప్పినారు నీకు? పోయిన క్రిస్మస్‌కు గదా మా మేనత్త పెట్టింది!"

"పోయిన క్రిస్మస్ కాదు. మధ్యలో నాలుగు క్రిస్మస్‌లు పోయినాయి. లెక్కపెట్టుకోండి."

"ఈరోజు మెత్తగుండాదని తువాలు తీసినావు. రేపు నా చొక్కా కూడా తీస్తావు."

"మీ చొక్కా గరుకు. కారు గీసుకపోతాది."

వసారాలో కూర్చుని కందిపప్పు ఏరుతున్న అత్త మణెమ్మ తలెత్తకుండానే అంది. "ఒరే పెద్దోడా, తువాలుకు కూడా సాక్షుల్ని పిలుస్తారా పొద్దున్నే? తడి మీదనే చొక్కా వేసుకోని పో. ఈ ఎండకు డిపో చేరేలోగానే ఆరిపోతావు."

ఎలీషబా పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. తువాలు విషయంలో తప్పు తనదేనని ఆమెకు తెలుసు. కానీ ఆ పొద్దున ఇంట్లో ఇంకే గుడ్డా అంత మెత్తగా లేదు. ఆమెకు కావలసింది మెరుపు.

గిద్దలూరులో వాళ్ళది రెండు వాటాల ఇల్లు. ముందు వాటాలో పెద్దకొడుకు ప్రవీణ్, ఎలీషబా, వాళ్ళ కూతురు ఏంజెల్. వెనక వాటాలో చిన్నకొడుకు వినయ్, అతని భార్య దీవెన. మణెమ్మ అన్నం ఎవరింట్లో తింటే నిద్ర ఇంకొకరింట్లో పోయేది, ఇద్దరికీ సమానంగా ఉండాలని. ఇంటి పక్క రేకుల షెడ్డు. అందులో రెండు కార్లు.

ఒకటి ఎలీషబా వాళ్ళది. నిరుడు మార్కాపురంలో ఒక రిటైరయిన డాక్టరుగారి దగ్గర కొన్నారు. ఆయన దాన్ని ఎక్కువ తిప్పలేదు, ఆదివారం ఆదివారం మాత్రం బయటికి తీసేవాడు. "కొత్త కారే, కాకపోతే పేరు పాతది" అని ప్రవీణ్ అందరికీ చెప్పేవాడు. ఆ సంవత్సరం పొడుగునా ఆ వీధిలో వాళ్ళదొక్కటే కారు. మణెమ్మను ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా, చర్చి బోధకుణ్ణి స్టేషన్‌నుంచి తీసుకురావాలన్నా అందరూ ఎలీషబా గుమ్మం ముందుకే వచ్చి నిలబడేవాళ్ళు. ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "ఆయన్ను అడిగి చెప్తాలే" అనేది. అడగనక్కర్లేదని అందరికీ తెలుసు. అయినా ఆ మాట అనడంలో ఒక రుచి ఉండేది.

ఈస్టరు ముందు దీవెన కొత్త కారు కొంది. ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తూ తన జీతం మీదే కొనుక్కుంది. తెల్లగా పాలలా ఉంటుంది. లోపలి సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. మణెమ్మ ఒకసారి అందులో కూర్చుని వచ్చి, "లోపల చలికాలం మాదిరుండాది తల్లీ" అని వీధంతా వినిపించేలా చెప్పింది. ఆ రోజు ఎలీషబా వండిన కూరలో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం ఆమెకు ఇంకా ఎక్కువ మండింది.

ఇప్పుడు నంద్యాల ప్రయాణం వచ్చిపడింది. మణెమ్మ చెల్లెలి మనవరాలికి సోమవారం ప్రధానం, అంటే నిశ్చితార్థం. ఆ కుటుంబంలో బతికున్న ఆడవాళ్ళలో మణెమ్మే పెద్దది. పెళ్ళికూతురికి పెట్టే చీర, బైబిలు పళ్ళెంలో పట్టుకుని ఆమె కారు దిగితే తప్ప కార్యం మొదలు కాదు. కారు ఆగిన చోటికి బంధువుల ఆడవాళ్ళంతా పాట పాడుకుంటూ ఎదురు వస్తారు. ఎవరి కారు దిగింది, ఎవరు తలుపు తీశారు, ఎవరు చెయ్యి పట్టి దించారు అన్నది ఆ తర్వాత ఏడాదిపాటు అందరూ చెప్పుకుంటారు.

ఎలీషబా ఆ మాట బుధవారం సాయంత్రం ఇంటి ప్రార్థన అయిపోగానే, ఆమేన్ ఇంకా గాలిలో ఉండగానే ఎత్తింది. "అత్తా, సోమవారం మన కార్లో ముందు సీట్లో కూచుంటావా, వెనక సీట్లోనా?"

ఏ కారు అని అడగలేదు. ఏ సీటు అని అడిగింది. బీకామ్ చదివిన బుర్ర మరి.

మణెమ్మ అమాయకంగా, "వెనకాలే తల్లీ. ముందు కూచుంటే రోడ్డు మీదికొచ్చినట్టు ఉంటాది" అంది.

దీవెన ఒక క్షణం చూసి ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్ని ఎలీషబా రాత్రంతా మనసులో నెమరువేసుకుంది, బెల్లం ముక్కను దవడన పెట్టుకున్నట్టు.

అందుకే గురువారం చీకటితోనే లేచి కారు కడిగింది. తువాలుతో ఒళ్ళంతా తుడిచింది. అద్దాలకు పాత పేపరు రుద్దింది. అన్నీ అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి చూస్తే, టైర్లు బూడిద రంగులో దిగాలుగా కనిపించాయి. పక్కనే దీవెన కారు టైర్లు కొత్త చెప్పుల్లా నల్లగా ఉన్నాయి.

ఎలీషబా పుట్టిల్లు మార్కాపురం. నాయన పలకల కార్ఖానాలో పనిచేసేవాడు. వెలిసిపోయిన పలకకు, బడిలో నల్లబల్లకు బొగ్గుపొడి రుద్ది మళ్ళీ నలుపు ఎలా తేవాలో ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. పెరట్లో మణెమ్మ నీళ్ళు కాచుకునే కట్టెల పొయ్యిలోంచి నాలుగు బొగ్గులు తీసింది. రోట్లో నూరి, పల్చటి గుడ్డలో జల్లించి, ఆముదం చుక్కలు వేసి కాటుకలా కలిపింది. పాత బనీను ముక్కతో నాలుగు టైర్లకూ పట్టించింది.

పట్టించేటప్పుడు చూసింది. టైరు పక్కభాగంలో సన్నని పగుళ్ళు, వాన లేని ఏడు చెరువు అడుగున కనిపించే నెర్రెల్లాంటివి, కాకపోతే వెంట్రుకంత సన్నగా. మసి వాటిలోకి చక్కగా దిగింది. దిగాక అవి కనబడలేదు. పలక మీది గీతలూ అంతేగా అనుకుందామె, అనుకోవడానికి వీలుగా ఉంది కాబట్టి.

శుక్రవారం సాయంత్రం డ్యూటీనుంచి వచ్చిన దీవెన, చేతిసంచి కూడా దించకుండా ఎలీషబా కారు దగ్గర గొంతుక్కూర్చుంది. అప్పుడే ఆఫీసునుంచి వచ్చిన ప్రవీణ్ అరుగు మీద టీ తాగుతున్నాడు.

"బావా, ఈ టైర్లు ఎప్పటివి?"

"ఎప్పటివైతే ఏంది? అరుగుదల చూడు. ఇదిగో, నా గోరు మొత్తం లోపలికి పోతాండాది." ప్రవీణ్ టైరు గాడిలో బొటనవేలి గోరు దూర్చి చూపించాడు. "మా డిపోలో ఎన్ని టైర్లు చూసుంటా! అరిగితే మార్చాల, అరక్కపోతే మార్చకూడదు. అంతే సూత్రం."

ప్రవీణ్ బస్సు డిపో ఆఫీసులో గుమాస్తా. టైర్లను చేత్తో ముట్టింది లేదు, కాగితాల మీద చూశాడు. బస్సు టైరు రోజంతా తిరిగి నెలల్లో అరిగిపోతుంది, దానికి ముసలితనం దాకా బతికే యోగం ఉండదు. ఆ సూత్రాన్నే ప్రవీణ్, నీడలో నిలబడి ఏళ్ళు గడిపిన కారుకూ తెచ్చి పెట్టాడు.

"అరగకపోయినా వయసైతాదంట బావా. మేం కారు కొనేటప్పుడు షోరూమాయన చెప్పినాడు. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండు ఎన్నో వారమో, తర్వాతి రెండు ఏ సంవత్సరమో. ఆరేళ్ళు దాటినాయంటే ఏటేటా చూపించుకోవాలంట, పదేళ్ళయితే ఎట్లున్నా తీసెయ్యాలంట. పోయిన వారం మా ఆసుపత్రికి ఒక కేసు వచ్చింది. టైరు పేలి..."

"నర్సమ్మ నోట మంచి మాట ఎప్పుడొస్తాది?" అంది ఎలీషబా గుమ్మంలోంచి. నవ్వుతూనే అంది. "మొన్నటిదాకా ఈ కార్లోనే గదమ్మా డ్యూటీకి దించిందీ, తెచ్చిందీ? అప్పుడు టైర్లకు వయసు రాలేదా?"

దీవెన ముఖం ఎర్రబడింది. "నేను వేరేగా అనలేదక్కా. నంద్యాలకు కొండల్లో ఘాటు రోడ్డు గదా, అందుకని."

"ఘాటు మాకు కొత్తా? మహానందికి పోయే వాళ్ళంతా రోజూ దాంట్లోనే పోతాండారు."

దీవెన లేచి వెళ్ళిపోయింది. ఆమె వేళ్ళకు మసి అంటింది. దాన్ని చూసుకుంటూ వెళ్ళింది.

దీనికి అసలు కారణం తనకు తెలుసనుకుంది ఎలీషబా. అత్త తమ కార్లో వస్తానన్నది. అదీ మంట. టైర్ల సంగతి ఊరికే సాకు. ఆ ఆలోచన ఆమెకు రాత్రి భోజనం దాకా హాయిగా సాగింది. కానీ ఎలీషబాకు ఒక జబ్బుంది. ఎవరైనా ఒక అంకె చెబితే దాన్ని సరిచూడకుండా ఉండలేదు.

శనివారం ప్రవీణ్ డిపోకు పోగానే సబ్బునీళ్ళు, బట్టలుతికే బ్రష్షు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది. ముందు టైరు కడిగి, ఫోను టార్చి వేసి చూసింది. పొడుగాటి అక్షరాల వరస చివర కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత, దానిలో నాలుగంకెలు. 2916. రెండో టైరూ అంతే, మూడోదీ అంతే. డాక్టరుగారు కారు కొన్నప్పటివే. అంటే తొమ్మిదేళ్ళు. ఏంజెల్‌కంటే నాలుగు నెలలు పెద్దవి.

కారు నడపడం నిరుడే నేర్చుకుంది. ఊరు దాటి పోదు గానీ ఊళ్ళో బాగానే తిప్పుతుంది. మెల్లగా నంద్యాల రోడ్డు మీద ఉన్న ఏడుకొండలు టైర్ల దుకాణానికి తీసుకుపోయింది. గాలి పట్టించాలని చెప్పింది.

ఏడుకొండలు యాభై దాటినవాడు. మీసం మాత్రం ఇరవై ఏళ్ళవాడిలా నల్లగా ఉంటుంది. గాలి పైపు తీసుకుని వంగి, పైపు పక్కన పెట్టేసి, కడగని వెనక టైరును గోటితో గీశాడు. గోరు నల్లగా వచ్చింది.

"ఇదేందమ్మా ఇది? ఎవురో మసిపూసి మారేడుకాయ చేసినారే! అమ్మినోడు బలే తెలివైనోడమ్మా. నా మీసానికి కూడా ఇంత బాగా వేసుకోలేదు నేను."

 మార్కాపురంలో ఉన్న ఆ పెద్దమనిషి మీద తప్పు పడుతుంటే ఎలీషబా ఊరుకుంది. చెవులు మాత్రం వేడెక్కాయి.

ఏడుకొండలు తడిగుడ్డతో మసి తుడిచి, టైరు పక్కభాగాన్ని రెండు బొటనవేళ్ళతో నొక్కి పట్టాడు. వెంట్రుకల్లాంటి పగుళ్ళు నోళ్ళు తెరిచాయి. ఒక్కొక్కదానిలో గోరు అంచు దూరింది.

"ఇట్ల రామ్మా, చూడు. గాడి చూసి మోసపోతారు అందరూ. గాడి నిండుగుండాది, నిజమే. కానీ రబ్బరు నిలబడినా ముసలిదైతాది, నడిచినా ముసలిదైతాది. కూచున్న మనిషికి మోకాళ్ళు పట్టేసినట్టు. మన ఎండకు ఇంకా తొందరగా."

"డిక్కీలో స్టెప్నీ టైరు కొత్తదే ఉన్నట్టుండాది."

"అదీ చూస్తా పట్టు." డిక్కీ తెరిచి చూసి మూసేశాడు. "దాని పుట్టినరోజు కూడా అదే. వాడలేదు గాబట్టి మెరుస్తాండాది, అంతే."

ఆమె కాసేపు రోడ్డు వైపు చూసింది. "సోమవారం నంద్యాల పోవాల. ఒక్క ప్రయాణానికి సరిపోవా?"

"ఎంతమంది?"

"నలుగురం."

"ఎండన పడి, దిగువమెట్ట దాటి, ఘాటులో, నలుగురి బరువుతో." ఏడుకొండలు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "పోతే పోవచ్చునమ్మా. పోకపోవచ్చు కూడా. నీకు నిండు మాట నేను చెప్పలేను. నా కారైతే మా గుడిదాకా కూడా తీసుకపోను. ఈ సైజు నా దగ్గర లేవు, ఒంగోలు నుంచి రావాల. మంగళవారం బిగిస్తా."

"మంగళవారమా?"

"సోమవారం మధ్యాన్నం బండి వస్తాది. నేనేం చేసేది?"

మంగళవారం. కార్యం అయిపోయి, పాటలు అయిపోయి, అందరూ అన్నాలు తిని పడుకున్న మరునాడు.

ఇంటికి వచ్చి కారు షెడ్డులో పెట్టింది. కడిగిన టైర్లు, తుడిచిన టైరు, తెల్లబోయి ఉన్నాయి. పగుళ్ళు ఇప్పుడు నిలబడి చూసినా కనబడుతున్నాయి. పక్కన దీవెన కారు ఎప్పటిలాగే మెరుస్తోంది. దాని అద్దంలో ఎలీషబాకు తన ముఖం కనిపించింది. జుట్టు రేగి, ముక్కు మీద మసి.

సోమవారం నంద్యాలలో ఆ తెల్ల కారు ఆగడం ఆమెకు కళ్ళకు కట్టింది. దీవెన తలుపు తీయడం. అత్త చెయ్యి పట్టుకుని దించడం. వాళ్ళ చిన్నత్త, "చిన్న కోడలు కారు బలే ఉండాది మణెమ్మక్కా" అనడం. తను వెనకాల ఎక్కడో చెప్పులు వెతుక్కుంటూ నిలబడడం. 

పెరట్లోకి పోయి మిగిలిన మసి గిన్నె తెచ్చింది. ఎవరూ లేరు. ప్రవీణ్ గాడిలో గోరు పెట్టి చూసుకున్నాడు, ఆయనకు నమ్మకం కుదిరింది. దీవెన ఎంత చెప్పినా దాన్ని అసూయ కిందే జమ కట్టేశారు. ఏడుకొండలు వీళ్ళింటికి రాడు. ఘాటు మీద రోజూ ఇంతకంటే పాత టైర్లతో జీపులు పోతున్నాయి. నిదానంగా పోతే చాలు.

ఎడమవైపు వెనక టైరు దగ్గర కూర్చుని బనీను ముక్క మసిలో ముంచింది. సగం టైరు నల్లబడింది. బాగుంది కూడా. ఈ టైరు మీదే అత్త కూర్చుంటుంది, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని.

లేచి కుడివైపుకు వెళ్ళింది. ఈ టైరు మీద ఏంజెల్. కిటికీ తనకేనని వారం రోజులనుంచీ చెబుతోంది.

గుడ్డ టైరుకు ఆనించిందిగానీ రుద్దలేకపోయింది. పగులు మీద వేలు పెట్టి అదిమింది. నోరు తెరుచుకుంది. వేలు తీసింది. మూసుకుంది. మళ్ళీ అదిమింది. అలా ఎన్నిసార్లు చేసిందో ఆమెకే తెలియదు. మోకాళ్ళు నొప్పెట్టాక లేచి, మసి గిన్నె తీసుకుపోయి పెంటకుప్పలో బోర్లించింది. సబ్బునీళ్ళు తెచ్చి టైర్లన్నీ మళ్ళీ కడిగింది. దీవెన మీద కోపం మాత్రం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. దాని మాట నిజం కావడంతో ఇంకా పెరిగింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటిల్లిపాదీ ముందు వాటాలో కలిసి తింటారు. ఆ రోజు వేటకూర, రాగిసంకటి. చాప మీద వరసగా కూర్చున్నారు. ఎలీషబా వడ్డిస్తోంది. మాటలన్నీ మరునాటి ప్రయాణం మీదే.

"పొద్దున ఏడుకు బయల్దేరాల," అన్నాడు ప్రవీణ్ సంకటి ముద్దను కూరలో ముంచుతూ. "ముందు మేం పోతాం. వినయ్, నువ్వు నా వెనకాలే రా. దాటి పోవాకు."

"కొత్త కారు పాత కారు వెనకాల పోతాదా అన్నా? నవ్వుతారు" అన్నాడు వినయ్.

"పోతాది. మా డిపోలో కూడా..."

"అబ్బ, డిపో వచ్చిందిరా," అంది మణెమ్మ. "అన్నం తిననీండి రా. నాకు ఏ కారైనా ఒకటే. నడుము పట్టకుండా దింపితే చాలు."

దీవెన తలవంచుకుని తింటోంది. రెండు రోజులనుంచీ ఎలీషబాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఎలీషబా కూరగిన్నె కింద పెట్టింది. గరిటె గిన్నెలో సరిగ్గా ఆనించింది. "రేపు మన కారు కదలదు" అంది.

ప్రవీణ్ ముద్ద నోటి దగ్గర ఆగింది. "ఏంది?"

"టైర్లకు తొమ్మిదేళ్ళు. పగుళ్ళిచ్చినాయి. నిన్న ఏడుకొండలు దుకాణానికి తీసుకపోయి చూపించినా. ఘాటులో పోకూడదన్నాడు. స్టెప్నీ కూడా అంతే."

"వాడు అమ్ముకునేవాడు, అట్లనే చెప్తాడు! గోరు పెట్టి చూసినా గదా నేను? పగుళ్ళు యాడుండాయి? శుక్రవారం నిగనిగలాడతా ఉన్యాయి."

"బొగ్గుమసి, ఆముదం కలిపి నేను పూసినా. అందుకే కనపడలేదు. ఇప్పుడు కడిగినా, పోయి చూసుకోండి."

ఎవరూ నమలడం లేదు. ఏంజెల్ ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూస్తోంది. ముందుగా వినయ్‌కి నవ్వు పొంగింది, తల్లి చూసిన చూపుకు మళ్ళీ లోపలికి మింగాడు.

"ఎందుకు పూసినావే?" అంది మణెమ్మ మెల్లగా.

"ఆ కారు పక్కన మన కారు వెలవెలబోతాండాదని. నువ్వు మన కార్లోనే దిగాలని." ఎలీషబా చూపు కూరగిన్నె మీదే ఉంది. "పగుళ్ళు నాకు కనపడినాయి. కనపడినా పూసినా."

ప్రవీణ్ తన బొటనవేలి గోరు చూసుకున్నాడు. దీవెన తలెత్తింది. ఆమె ముఖంలో గెలిచిన గుర్తు కోసం ఎలీషబా వెతికింది. కనబడితే బాగుండేది, తిట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. కనబడలేదు.

"మా కార్లో సర్దుకుందాం అక్కా," అంది దీవెన. "ఏంజెల్ అత్త ఒళ్ళో కూచుంటాది. ఆరుమందిమి పట్టమా?"

"ఐదుమంది కారులో ఆరుమంది వద్దు. టైర్లు కొత్తవైనంత మాత్రాన." ఎలీషబా చెయ్యి కడుక్కుని తన కంచం ముందుకు లాక్కుంది. "రేపు అత్త, ఏంజెల్ మీ కార్లో వస్తారు. నువ్వే అత్తను దించు. మేమిద్దరం రైల్లో వస్తాం."

"ఐదో సీటు ఖాళీ ఉంటాది గదక్కా. నువ్వన్నా రా."

"ఉంటాది. ఉన్నా నేను ఎక్కలేను దీవెనా. ఇప్పుడు కాదు." ఆ మాట ఆమె ఎవరి వైపూ చూడకుండా అంది. తర్వాత భర్త వైపు తిరిగింది. "మంగళవారం టైర్లు వస్తాయి. స్టెప్నీతో కలిపి ఐదూ మార్పించాల, చెప్పేసి వచ్చినా. అంతవరకు కారు తాళం నా దగ్గరే ఉంటాది, మీరు అడిగినా ఇయ్యను. పొద్దున రైలుకు పోవాలంటే ఆరుకే లేవాల. తినండి, సంకటి గట్టిపడతాది."